తలక్రిందుల మొక్క

వేరు పైకిని కొమ్మలు క్రిందికిని గల అశ్వత్థమును కఠోపనిషత్తును, గీత పదునైదవ అధ్యాయమును వర్ణించినవి. అట్టి చెట్టెచ్చట నున్నదని పిల్లలడుగుదురు. నేడు కొందరు టొమాటో మొక్కను డబ్బా అడుగున రంధ్రము చేసి తలక్రిందుగా వ్రేలాడదీసి పెంచుచున్నారు, దానిని చూపవచ్చును. గీతలోని వృక్షము సంసారము, వైరాగ్యముచే ఛేదింపదగినది. కావున ఈ పోలికను అంతకుమించి సాగదీయను.

నాకు ముఖ్యమైనది వేరొకటి. వ్రేలాడదీసిన మొక్క క్రిందికే పెరుగుచుండదు; దాని కొన వంగి ఆకాశమువైపు తిరుగును. వెలుగుకొరకే యందురా? చీకటిగదిలో నుంచినను తిరుగును! కాండకణములలోని పిండిరేణువులు బరువుచే క్రిందికి దిగును. ఆ దిగుటయే మొక్కకు దిక్కు తెలుపును. అంతట క్రిందివైపు కణములు ఎక్కువగా సాగి కొనను పైకెత్తును. మొలకకు దిక్కు చూపునది భూమ్యాకర్షణమేయని నైట్ అను ఆంగ్లేయుడు 1806లో, తిరుగు చక్రముపై విత్తులు మొలిపించి నిరూపించెను.

"ఇన్నేండ్లు జపించితిని, వెలుగు కానరాలేదు, ఇక మానెదను" అను సోదరుడా! వెలుగు కనబడిన పిమ్మట తిరుగుదువా? నీవు దిగజారుచున్నట్లు నీకు తెలియుచున్నది గదా. మొక్కకు అంతమాత్రమే చాలినది. కాయలు బరువెక్కినపుడు దాని కాండము మరల క్రిందికి జారును. కొన మరల వంగును.