రంధ్రాలు మూయడం శుద్ధి కాదు

బెంగళూరులోని వర్తూరు కోడి దగ్గర మాకొక మొబైల్ రిపేరు షాపు ఉంది. సొంతూరు మదనపల్లె పక్క పల్లె. ఈ రోడ్డుమీద టిప్పర్లు ఆగవు, కొత్త అపార్ట్‌మెంట్ల పని ఆగదు. అందుకే నా దగ్గరికొచ్చే ఫోన్లలో దుమ్ము లేని ఫోను అరుదు.

డిస్‌ప్లే మార్చిన ఫోనును రెండు విధాలుగా చూడనిదే కస్టమరు చేతికివ్వను. మొదట షట్టరు దించి, లైటార్పి, తెరమీద వట్టి నలుపు పెట్టి బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచుతాను. ఎల్‌సీడీ తెర వెనక బ్యాక్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఫ్రేము ఎక్కడ వంగినా, ఎక్కడ ఎక్కువ నొక్కుకున్నా అంచున మసక వెలుగు తేలుతుంది. బొమ్మలు ఆడుతున్నంతసేపూ ఈ లీకు కంటికి ఆనదు. ఆ తర్వాత గ్లాసుకూ ఫ్రేముకూ మధ్య గమ్ సరిగా పట్టిందో లేదో చూస్తాను. ఆ సందులోంచి వెలుగు బయటికొస్తోందంటే, అదే దారిన దుమ్ము లోపలికి పోతుంది.

శంకరుల దక్షిణామూర్తి స్తోత్రంలో నాలుగో శ్లోకం ఈ పని చేసేటప్పుడే నాకు బాగా బోధపడింది. ఎన్నో చిల్లులున్న కుండలో దీపం పెడితే కాంతి ఆ చిల్లుల గుండా బయటికి వస్తుంది. మనలోని ఎరుక కూడా కళ్లు, చెవుల గుండా అలాగే ప్రసరిస్తుందని దాని భావం. ఇంద్రియాల ద్వారాలు బయటికే తెరుచుకున్నాయి కాబట్టి మనిషి చూపు లోపలికి తిరగదని కఠోపనిషత్తు చెబుతుంది.

మరి చిల్లులన్నీ మూసేస్తే సరిపోతుందా? వైరాగ్యమంటే అదేననుకునేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. అన్ని రంధ్రాలూ మూసిన ఫోను మాట వినదు, మాట పలకదు. దుమ్ము రక్షణకు ఐపీ రేటింగులో 6 అనే మొదటి అంకె కన్నా పై మెట్టు లేదు. టాల్కం పొడి ఎగిరే పెట్టెలో గంటల తరబడి ఉంచినా లోపలికి రేణువు పోకూడదు. ఆ పరీక్ష నెగ్గిన ఫోనుకు కూడా మైకుంది, స్పీకరుంది. వాటికి లోపలివైపు సన్నటి జాలీ, పలచటి పొర ఉంటాయి. శబ్దం దాటుతుంది, ధూళి దాటదు. కర్మేంద్రియాలను బిగబట్టి మనసులో మాత్రం విషయాలనే తలపోసేవాణ్ణి గీత మూడో అధ్యాయం మిథ్యాచారి అంది. గీత అడిగింది జాలీని, తాళాన్ని కాదు.

ఇంకొక లీకుంది. అన్నిటికన్నా నేను భయపడేది దానికే. వెనక కెమెరాకూ ఫ్లాషుకూ మధ్య అడ్డుగా ఉండే చిన్న నల్ల ఫోము చిరిగితే, ఫ్లాషు వెలుగు బయటికి పోయే బదులు పక్కకు తిరిగి కెమెరాలోనే పడుతుంది. రాత్రి తీసిన ఫొటో అంతా తెల్లటి పొగలా వస్తుంది. లెన్సుమీద దుమ్మేమో అనుకుని కస్టమరు ఎంత తుడిచినా పోదు. అహంకారం చేసే పని అచ్చం ఇదే. మనకున్న తెలివి, మనం చేసిన దానధర్మం మన కళ్లలోనే పడి ఎదుటి మనిషిని కనిపించనివ్వవు. అద్దాన్ని దుమ్ము కప్పినట్టు కామం జ్ఞానాన్ని కప్పుతుందని గీత అన్నది. ఆ దుమ్మును తుడవవచ్చు. తన వెలుగే తనకు అడ్డమైనప్పుడు మాత్రం విప్పి, ఆ అడ్డును మళ్లీ అమర్చుకోవాల్సిందే.

ఒకసారి విప్పి బిగించిన ఫోనుకు పాత రేటింగు భరోసా ఉండదు. కొత్త గమ్ వేయాలి, మళ్లీ చీకట్లో చూడాలి. మనసుకూ అంతే. ఒక దీక్షతో, ఒక యాత్రతో శుద్ధి అయిపోయిందని నమ్మడం పొరపాటు. కోపమో, దుఃఖమో మనల్ని విప్పి బిగించిన ప్రతిసారీ పరీక్ష మొదటికొస్తుంది.

అందుకని చదివేవారికి నా మనవి ఒక్కటే. రోజూ కాసేపు ఏ బొమ్మా పెట్టకుండా మనసు తెరను నల్లగా ఉంచి కూర్చోండి. వెలుగు ఎక్కడ కారుతోందో అప్పుడే తెలుస్తుంది. తెలిసిన చోట జాలీ పెట్టుకోండి, మనుషుల మాట వినిపించే చెవిని మాత్రం మూసుకోకండి.