పిట్టగోడ కట్టుట ఎవరి ధర్మము?

రాయపూర్ నగరములోని టాటీబంధ్‌లో 2012లో ప్రారంభమైన ఎయిమ్స్ వైద్యసంస్థ యున్నది. పక్షవాతము వలననో, తుంటియెముక విరిగినందుననో ఇట్టి ఆసుపత్రులలో చేరిన వృద్ధులు కొంత కోలుకొని ఇంటికి మరలుదురు. వారి దేహస్థితి మారినది గాని ఇల్లు మారలేదు. గడప ఎత్తుగానే యున్నది. మరుగుదొడ్డి పెరటిలోనే యున్నది. అచ్చట గొంతుకూర్చొనవలెను, పట్టుకొనుటకు కమ్మి లేదు. వైద్యుడు నిలువబెట్టిన మనుష్యుని అతని ఇల్లే మరల పడద్రోయవచ్చును. ఆ ఇంటిని మార్చుకొనుటకు ధనము లేని వృద్ధునికి సహాయపడుట మన దయయా, లేక మన ఋణమా?

2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ఆరంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేదవృద్ధులకు చేతికఱ్ఱలు, నడకచట్రములు, చక్రాల కుర్చీలు ఉచితముగా ఇచ్చుచున్నది. ఇది మెచ్చదగినదే. అయితే చక్రాల కుర్చీ గడప దాటలేదు. గడపను సరిచేయుటకు ఆ పథకములో ధనము లేదు. కేంద్రప్రభుత్వ వృద్ధాప్య పింఛనులో కేంద్రపు వంతు 80 ఏండ్లలోపు వారికి నెలకు 200 రూపాయలు, ఆపై వారికి 500 మాత్రమే. దీనితో ఎవడు గోడకు కమ్మి బిగించుకొనగలడు? జపానులో 2000లో అమలైన దీర్ఘకాల సంరక్షణ భీమా, ఇంట కమ్ములు అమర్చుటకును గడపలు తీయుటకును 2 లక్షల యెన్‌ల వరకు వ్యయములో అధికభాగము భరించును. అచ్చట అది భిక్ష కాదు, హక్కు.

మన భాషలో ధర్మమను మాటకు రెండర్థములున్నవి. యాచకుడు ధర్మము చేయుమని అడిగినప్పుడు అది దానము. కుమారుని ధర్మమన్నప్పుడు అది విధి. హెబ్రీ భాషలోని సెదాకా అను పదమును ఇట్టిదే. లేఖనములలో అది నీతి. తరువాతి యూదుల వాడుకలో దానమును ఆయెను. దానమును నీతినుండి వేరుచేయుటకు ఆ మాటయే ఒప్పుకొనదు.

ద్వితీయోపదేశకాండము 22:8ని గమనింపుడి. క్రొత్తగా ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల అచ్చటనుండి పడినవాని రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వచ్చుననియు ధర్మశాస్త్రము చెప్పుచున్నది. పడినవాని అజాగ్రత్తను అది విచారింపదు, కట్టడమునే విచారించును. ఇంటి ఆకారము కూడ దేవుని యెదుట నైతిక విషయమే. ఈ ఆజ్ఞ ఇల్లు అద్దెకిచ్చు విశ్వాసులకును వర్తింపదా?

కన్నవారి భారము పిల్లలదే గదా అని కొందరందురు. నిజమే, 1 తిమోతి 5వ అధ్యాయము అట్లే బోధించుచున్నది. కాని అదే అధ్యాయము, దిక్కులేని విధవరాండ్రను సంఘము పోషింపవలెననియు చెప్పుచున్నది. దినకూలితో బ్రదుకు కుమారునికి ప్రేమ యుండవచ్చును, సిమెంటు కొనుటకు రూకలు లేకపోవచ్చును. అట్టి ఇంట సంఘము ఊరకుండుట న్యాయమా?

మార్కు 2వ అధ్యాయములో పక్షవాయువుగల వానికొరకు నలుగురు ఇంటికప్పు విప్పిరి. ప్రభువు వారిని గద్దింపలేదు. వారి విశ్వాసమును చూచెను. ఆయనయే గ్రుడ్డివాడైన బర్తిమయిని, తన అక్కర కనబడుచున్నను, ఏమి కోరుచున్నావని అడిగెను. మనమును ముందుగా ఆ వృద్ధురాలిని అడుగవలెను. ఆమెకు కావలసినది స్నానపుగదిలో ఒక కమ్మియే కావచ్చును. వాలుబాట కావలసిన యెడల అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు సాధారణ కొలత. మన సంఘములలో తాపీపనివారును వడ్రంగులును లేరా? కోతకాలపు కానుకలలో కొంత భాగము ఇందుకు ప్రత్యేకింపరాదా?

వృద్ధురాలు తన వాకిలి దాటి ఆరాధనకు రాలేకున్న యెడల, ఆ గడప ఆమె ఇంటిది మాత్రమే కాదు, మన సంఘముది కూడ. దానిని సరిచేయుదము, ఉపకారము చేసితిమని కాదు, చెల్లింపవలసినది చెల్లించితిమని.