గుడ్ల మీద నీడ

మే నెల, పొద్దున పదకొండు. బాన్సువాడ నుంచి నిజాంసాగర్‌కు పోయే దారిలో కాలువ పక్కన మొరం మీద బోర్లా పడుకొని ఉన్నాను. ఎదురుగా ఎనిమిది అడుగుల్లో తీతువు పిట్ట. రెక్కలు విప్పి, మెడ చాచి, కంటి ముందరి ఎర్రటి తోలు ఊగేలా అరుస్తోంది. పిట్ట ఇంత దగ్గరగా నిలబడటం నా అదృష్టమనుకున్నాను.

"ఏం బిడ్డా, గంతసేపటి సంది ఎండల పండుకున్నవ్, ఏమన్న పారేసుకున్నవా?"

కట్ట మీంచి ఒక పెద్దాయన. కాలువ మీద లస్కర్‌గా చేసి రిటైరయ్యాడట. యాసంగి నీళ్లు బందైనంక కాలువ ఎండింది. ఇప్పుడాయన మేకలు కాస్తున్నాడు.

"ఫొటో తీస్తున్నా తాతా. చూడండి, పారిపోకుండా ఎట్లా నిలబడిందో."

"అది ఎందుకు పోతలేదో ఎర్కేనా?"

కర్రతో చూపించాడు. రెండుసార్లు చూసినా రాళ్లే కనిపించాయి. మూడోసారి ఆ రాళ్లలో నాలుగు గుడ్లయ్యాయి. మొరం రంగు మీద నల్లటి మచ్చలు, చుట్టూ చిన్న గులకరాళ్లు, రెండు మేక పెంటికలు. గూడంటే అంతే. ఇంకో మూరెడు పక్కకు జరిగి ఉంటే నా మోచెయ్యి వాటి మీదే పడేది.

"ఈ ఎండల అది గుడ్ల మీద కూసునేది వేడికి గాదు బిడ్డా, నీడకు. నడుమ నడుమ నీళ్లల్లకు పోయి కడుపు తడుపుకొని అచ్చి మల్ల కూసుంటది. నువు ఎంతసేపాయె అచ్చి?"

"ఇరవై నిమిషాలు."

ఆయన ఏమీ అనలేదు. తీతువు అరిస్తే కీడని ఊళ్లో అంటారు. ఈసారి కీడు ఎటు నుంచి వచ్చిందో పిట్టనే అడగాలి.

మాట పడటం ఎవరికైనా కష్టమే. వాదనకు దిగాను. "నేనేం తీసుకుపోలేదు కదా తాతా. 1931, 32లో సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు తుపాకీతో కొట్టే నమూనాలు పోగుచేశాడు. అప్పటి పద్ధతే అది. ఛాంపియన్ అనే అటవీ అధికారి తుపాకీ బదులు కెమెరాతో పులుల వెంట తిరిగి 1927లో పుస్తకం వేశాడు. మాది ఆయన దారి. పిట్టను చంపలేదు, బొమ్మ మాత్రమే తీసుకున్నా."

"మంచిదే. తుపాకి కంటె మంచిదే."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకే ఉక్రోషం వచ్చింది. "మీరు కౌజులకు ఉచ్చులు పెట్టలేదా ఏంటి?"

ఆయన నవ్వాడు. "పెట్టిన, తిన్న. తప్పే అనుకో. గని చంపిన్నని నాకెర్కే. నువు చంపినవో లేదో నీకే తెల్వదాయె."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఉచ్చు పెట్టినవాడికి సాయంత్రానికి లెక్క తేలుతుంది. గుడ్డు లోపల ఏమైందో నాకు ఎన్నటికీ తెలియదు. నా కార్డులో రెండొందల ఫొటోలు ఉన్నా, వాటిలో ఏ ఒక్కటీ ఆ సంగతి చెప్పదు.

మనిషిని ఎంత దూరం వరకు రానిచ్చి జంతువు పారిపోతుందో గమనించి, ఆ దూరానికి ఒక లెక్క ఉంటుందన్నాడు హెడిగర్ అనే స్విస్ జంతు శాస్త్రవేత్త. ఆ సంగతి చదివినవాణ్నే నేను. తీతువు నన్ను ఎనిమిది అడుగుల వరకు రానిచ్చిందనుకున్నాను. నిజానికి నాలుగు గుడ్లు దాన్ని అక్కడ కట్టేశాయి. నేను చనువనుకున్నది దానికి గత్యంతరం లేకపోవడం. పంచతంత్రంలో టిట్టిభం, అంటే ఈ తీతువే, దాని గుడ్లను సముద్రం ఎత్తుకుపోతే, గరుత్మంతుడి దాకా, విష్ణువు దాకా ఫిర్యాదు పోయి, సముద్రం భయపడి తిరిగిచ్చింది. ఇక్కడ ఫిర్యాదంతా నా మొహం మీదే జరుగుతుంటే నేను ఫోకస్ సరిచేసుకుంటున్నాను. 1972 వన్యప్రాణి చట్టం వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలో అడవి పక్షుల గూళ్లకు, గుడ్లకు అలజడి కలిగించడం కూడా ఉంది. తుపాకీ ఉండాలన్న నియమమేం లేదు.

"ఏది, ఒక్కపారి చూపియ్" అన్నాడు తాత. తెరకు చెయ్యి అడ్డంపెట్టి చాలాసేపు చూశాడు. "మస్తుగచ్చింది. కింద ఏం రాస్తవ్?"

"తీతువు విన్యాసం అని రాద్దామనుకున్నా."

"ఇన్యాసమా? గుడ్లున్నయని రాయరాదు?"

"రాస్తే ఇంకా పదిమంది వస్తారు తాతా."

"అయితె జాగ చెప్పకు. ముందుగాల నువు లెవ్వు."

లేచి, వెనక్కి వెనక్కి నడిచి కట్టెక్కాను. అక్కడి నుంచి నాలుగొందల ఎంఎం లెన్సులో కూడా పిట్ట గోరంతే ఉంది. మొదట కొంచెం దూరం నడిచి ఆగింది. ఇటు చూసింది, అటు చూసింది. గుడ్ల మీదికి మాత్రం పోలేదు. తాత మేకలను అటు పోకుండా మళ్లించాడు.

నేను లేవకముందు తీసిన చివరి ఫొటోకూ, అది గుడ్ల మీద కూర్చున్న ఫొటోకూ మధ్య కెమెరా గడియారంలో తేడా పదకొండు నిమిషాలు.