కార్డు కాసేపు ఆగుతుంది, కంగారుపడకు

అమ్మలూ,

పొలంలోని మోటారు వణుకు కొలిచే నీ ప్రాజెక్టులో రీడింగులు మధ్యమధ్యలో ఎగిరిపోతున్నాయనీ, ఇంకా ఖరీదైన మెమరీ కార్డు కొంటే సరిపోతుందా అనీ అడిగావు. ఆ డబ్బులు దాచుకో తల్లీ. నీ దగ్గరున్న కార్డు నీ పనికి చాలు. దానికి పని అప్పజెప్పే బోర్డూ, తీరూ మారాలి, అంతే.

ఒక్కసారి లెక్క వేసి చూడు. నీ ఎంపీయూ-6050 సెన్సారు సెకనుకి 1,000 సార్లు మూడు దిక్కుల్లో వణుకు చెబుతోంది. దిక్కుకి 2 బైట్లు, అంటే రీడింగుకి 6 బైట్లు, సెకనుకి 6,000 బైట్లు. నీ ఆర్డుయినో ఊనోలో కార్డుకి డేటా పంపే ఎస్‌పీఐ 8 మెగాహెర్ట్జ్ దాకా నడుస్తుంది. ఆ లెక్కన సెకనుకి పది లక్షల బైట్లు పోగల దారి అది. అంత దారి ఉండి కూడా 6,000 బైట్ల దగ్గర తడబడుతోందంటే అడ్డు దారిలో లేదన్నమాట.

కార్డు లోపలున్నది ఫ్లాష్ మెమరీ. పాతదాని మీద నేరుగా కొత్తది రాయడం దానికి కుదరదు. పెద్ద బ్లాకుని చెరిపాకే అక్కడ కొత్తది ఎక్కుతుంది. ఈ చెరపడం, సర్దడం అంతా కార్డులో ఉండే చిన్న కంట్రోలరు చూసుకుంటుంది. సర్దుకుంటున్నంతసేపూ డేటా లైనుని కిందికి లాగి పట్టుకుని, నాకు పనుంది ఆగమంటుంది. చాలాసార్లు ఇట్టే వదిలేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం బాగా ఆలస్యం చేస్తుంది. ఎస్‌డీహెచ్‌సీ కార్డుకి రాసేటప్పుడు 250 మిల్లీసెకన్ల దాకా ఓపిక పట్టాలని స్పెసిఫికేషన్‌లోనే ఉంది. ఆ పావు సెకనులో నీకు 250 రీడింగులు వచ్చి పడతాయి, అంటే 1,500 బైట్లు. ఊనోలో ర్యామ్ మొత్తం 2,048 బైట్లు. అందులో 512 బైట్లు ఫైల్ లైబ్రరీ తన బ్లాకు కోసం తీసేసుకుంటుంది. ఆ 1,500 కూడా తీసేస్తే ఇక మిగిలేది 36. నీ ప్రోగ్రాం ఎక్కడ కూర్చుంటుంది చెప్పు? ఎగిరిపోయిన రీడింగులన్నీ అలా చోటు దొరక్క పోయినవే.

కాబట్టి మార్చాల్సింది బోర్డు. ఈఎస్‌పీ32 తీసుకో, దాంట్లో 520 కిలోబైట్ల ర్యామ్ ఉంది. 4,096 బైట్ల బఫర్లు రెండు పెట్టు. ఒకటి సెన్సారుతో నిండుతుంటే, రెండోది కార్డులోకి వెళ్తుంటుంది. ఒక బఫరు నిండడానికి 680 మిల్లీసెకన్లు పడుతుంది, కార్డు ఎంత మొరాయించినా ఆలోగా తేరుకుంటుంది. ఆ చిప్‌లో రెండు కోర్లున్నాయి కదా, సెన్సారు పని ఒకదానికి, కార్డు పని రెండోదానికి ఇవ్వు.

నీ కోడ్‌లో నన్ను బాగా బాధపెట్టింది మరొకటి. ప్రతి రీడింగుకీ ఫైలు తెరిచి, ఒక లైను రాసి, మూసేస్తున్నావు. కార్డు ఇచ్చినా పుచ్చుకున్నా 512 బైట్ల బ్లాకు లెక్కనే. పాల కేంద్రానికి ఒక్కో చెంబూ పట్టుకుని ఎవరూ పరుగెత్తరు, క్యాను నిండాకే బండి కదులుతుంది. నువ్వు ఫైలు మూసిన ప్రతిసారీ డేటా బ్లాకుతో పాటు డైరెక్టరీలో ఫైలు సైజూ మళ్లీ రాయాల్సి వస్తుంది. 6 బైట్ల కోసం ఇంత చాకిరీ! ఫైలు మొదట్లో ఒకసారి తెరిచి అలాగే ఉంచు. కామాలు పెట్టి అంకెలు రాయడం కూడా మానెయ్. అలా రాస్తే ఒక్కో లైను 22 బైట్ల దాకా పోతుంది. బైనరీలో 6 బైట్లే రాసుకో, ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లో విప్పుకోవచ్చు.

అలాగని పరీక్షంతా అయ్యేదాకా ఫైలు మూయకుండా ఉండకు. పొలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. డైరెక్టరీలో సైజు ఎక్కకముందే పోతే, రాసిన డేటా కార్డులో ఉన్నా ఫైలు ఖాళీగా కనిపిస్తుంది. ఐదు సెకన్లకోసారి ఫ్లష్ చేసి ఆ సైజు ఎక్కించు. పోయినా ఐదారు సెకన్ల రీడింగులే పోతాయి.

ఇక వైరింగు. కార్డుది 3.3 వోల్టుల ప్రాణం, 5 వోల్టులు నేరుగా తగిలితే పోతుంది. ఈఎస్‌పీ32 కూడా 3.3 వోల్టులదే కనుక ఆ భయం నీకుండదు. జంపర్ వైర్లు మాత్రం పొట్టిగా పెట్టు. మూరెడు వైర్లతో 20 మెగాహెర్ట్జ్ ఆశించకు. కార్డు సాకెట్ పక్కనే 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెట్టు, రాసేటప్పుడు కార్డు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. డేటా లైన్లకీ, కమాండ్ లైనుకీ 10 కిలోఓమ్‌ల పుల్-అప్‌లు మరిచిపోకు. ఇంకోటి, మొదట కార్డుని పలకరించేటప్పుడు క్లాక్ 400 కిలోహెర్ట్జ్ దాటకూడదు. అది సిద్ధమయ్యాకే వేగం పెంచాలి. లైబ్రరీలు ఇది చూసుకుంటాయి గానీ, సొంతంగా రాసుకున్న రోజున నీకు గుర్తుండాలి.

నాలుగు డేటా లైన్లతో నడిపే ఎస్‌డీ పద్ధతి కూడా ఉంది. 25 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకి 12.5 మెగాబైట్లు, 50 దగ్గర 25 మెగాబైట్లు. ఫొటోలు తీసే పనైతే అది కావాలి. నీ 6,000 బైట్లకి ఎస్‌పీఐ ఎక్కువే. ఒకవేళ సరదా పడి ఆ నాలుగు లైన్లూ కలిపితే ఈఎస్‌పీ32లోని జీపీఐఓ 12తో జాగ్రత్త. ఆ పిన్నుకి పుల్-అప్ ఉంటే బోర్డు ఆన్ అయ్యేటప్పుడు తనలోని ఫ్లాష్‌కి 1.8 వోల్టులు ఎంచుకుని అసలు లేవకుండా పోతుంది. బోర్డు పాడైందని ఏడ్చి కూర్చోకు, ఆ రెసిస్టరు తీసి చూడు.

ఇవన్నీ చేశాక ప్రతి రైట్‌కీ ముందూ వెనకా మైక్రోసెకన్లు చెప్పే మైక్రోస్ ఫంక్షన్ విలువ చూసి తేడా నమోదు చెయ్. సగటు నాకొద్దు, సగటు ఎప్పుడూ అందంగానే ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టిన ఆ ఒక్క రైట్ ఎంతో చూడు. ఓ పూటంతా ఆపకుండా నడిపి ఆ అంకె తీసుకురా. బఫరు ఇంకా పెంచాలో, ఇది చాలో కూర్చుని లెక్క కడదాం.

మీ మామయ్య