తాడు లాగే హక్కు

యంత్రం తనంతట తాను ఆగితే దాన్ని రక్షణ అంటారు. అదే యంత్రాన్ని కూలివాడు ఆపితే నష్టం అంటారు. ఈ రెండు మాటల మధ్య తేడా ఎక్కడినుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న. చూడ్డానికి ఇది ఇంజనీర్ల ప్రశ్నలాగా కనబడుతది. కానీ ఇది వాడ అడగాల్సిన ప్రశ్న. పని చేయడం మీ ధర్మమని తరతరాలుగా మాకు చెప్పినవాళ్లు, పని ఆపడం ఎవరి హక్కో ఏనాడూ చెప్పలేదు.

బొగ్గుతో కరెంటు తీసే ఒక ప్లాంటులో మా చిన్నబాపు పదిహేడేండ్లు కాంట్రాక్టు కూలి. అక్కడ వ్యాగన్ల నుంచి దిగిన బొగ్గు బాయిలర్ పక్కనున్న బంకర్ల దాకా రబ్బరు బెల్టుల మీదనే పోతది. ఒక బెల్టు ఇంకో బెల్టు మీద పోస్తది. బెల్టు కింద వరసగా రోలర్లు, రెండు కొసలకు పెద్ద పీపాల్లాంటి పుల్లీలు, వాటి ఇరుసులకు బేరింగులు. బేరింగ్ అరిగితే వేడెక్కుతది. రోలర్ బిగుసుకపోతే రబ్బరు దాని మీద రాసుకుని కాలుతది. చుట్టూ బొగ్గుపొడి ఉండనే ఉంది. నిప్పంటుకోవడానికి ఇంకేం కావాలె?

సెన్సర్లు రాకముందు ఈ సంగతులన్నీ కనిపెట్టింది మనుషులే. చిన్నబాపు బెల్టు వెంబడి నడుస్తూ చప్పుడు విని ఏ రోలర్ పోయిందో చెప్పేవాడు. రబ్బరు కాలే వాసన అందరికంటే ముందు పట్టేవాడు. బేరింగ్ గూడు మీద చెయ్యి పెట్టి ఇది రేపటిదాకా ఆగదు అనేవాడు. డప్పును సెగకు కాచి, చర్మం ఎంత బిగిసిందో వేలితో కొట్టి చెప్పగలిగిన ఇల్లు మాది. ఆ చెయ్యి, ఆ చెవి ప్లాంటు గేటు దాటి లోపలికి పోయినాక దానికి కాయితం మీద పెట్టిన పేరు ‘అన్‌స్కిల్డ్’.

తర్వాత సెన్సర్లు వచ్చినయ్. పట్నం నుంచి వచ్చిన మెకానిక్కులు బెల్టులు నిలిపిన రోజుల్లో బేరింగ్ గూళ్ల మీద రంగు గీకి, రంధ్రం వేసి, మర తిప్పి వేడి కొలిచే సెన్సర్లు కూర్చోబెట్టారు. పీటీ-100 అంటారు వాటిని. లోపల ఉండేది ప్లాటినం. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓములు. వేడి పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతది. పదో తరగతి పిల్లలకు నేను బోర్డు మీద చెప్పే పాఠమే ఇది. గేర్‌బాక్సులకు అదురును కొలిచేవి బిగించారు. పుల్లీ మీద బెల్టు జారి వేగం తగ్గితే పట్టుకునేవి పెట్టారు. బెల్టు అంచు పక్కకు ఒరిగితే ఆపేసే స్విచ్చులు రెండు పక్కలా పెట్టారు. తీగలన్నీ కంట్రోల్ రూముకు పోయినయ్. అక్కడ తెర మీద అంకెలు.

ఏ బేరింగ్ ముందుగా పాడవుతదో, ఏ కాడ బెల్టు ఒరుగుతదో ఇంజనీరు చిన్నబాపునే అడిగిండు. చిన్నబాపు నిచ్చెన మోసిండు, జాగ చూపిండు. ఆయన చూపిన జాగలోనే సెన్సర్ కూర్చుంది. దానికొక నెంబరు పలక, రిజిస్టరులో ఒక వరస. చూపిన మనిషి పేరు ఎక్కడా లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించేవానికి ప్రత్యేక శిక్షణ ఉండాలన్నది, ఒంటికి బిగుతుగా ఉండే బట్టలివ్వాలన్నది, అతని పేరు రిజిస్టరులో రాయాలన్నది. మా చిన్నబాపుకు శిక్షణ లేదు, బట్టల్లేవు, రిజిస్టరులో పేరు లేదు. ఆయన జాగలోకి వచ్చిన ప్లాటినం ముక్కకు అన్నీ ఉన్నయ్.

సెన్సర్లు వచ్చినాక బెల్టు వెంబడి నడిచే ఆరుగురిలో నలుగురిని తీసేశారు. బెల్టు కింద రాలిన బొగ్గు పారతో ఎత్తేవాళ్లను మాత్రం తీయలేదు. దానికి సెన్సర్ లేదు. అది మావాళ్ల పని.

బెల్టు నడిచే దారి పొడుగునా రెండు పక్కలా ఒక తాడు ఉంటది. పుల్ కార్డ్ అంటారు. లాగితే బెల్టు ఆగుతది, దాని మీద బొగ్గు పోసే వెనకటి బెల్టులూ ఆగుతయ్. మళ్లా నడవాలంటే ఎవరో అక్కడికి వచ్చి ఆ స్విచ్చును సరిచేయాలి. మిగతా సెన్సర్లన్నీ ముందుగా బెల్టును కాపాడేవి. ఈ తాడు మాత్రం మనిషి కోసమే పెట్టింది. ఒకరోజు రాత్రి షిఫ్టులో బొగ్గు ఎత్తుతున్న ఒక అక్క కొంగు కింది రోలర్‌లో పడ్డది. చిన్నబాపు తాడు లాగిండు. కొంగు చినిగింది, మనిషి బతికింది. బెల్టు నలభై నిమిషాలు ఆగింది. తెల్లారి కాంట్రాక్టరు సూపర్‌వైజరు చేతిలో మెమో పెట్టిండు, రెండు దినాల కూలి కోసిండు. అదే నెలలో ఒక బేరింగ్ వేడెక్కి బెల్టు తనంతట తాను ఆగింది. అప్పుడూ ముప్పావు గంట పోయింది. ఆ సెన్సర్ పెట్టినందుకు పెద్ద సార్లు చప్పట్లు కొట్టిన్రట.

మెమో నా దగ్గరికి తెచ్చి చదివించుకుని చిన్నబాపు అడిగిండు: “బిడ్డా, నువ్వు సదువుకున్నోనివి, జెర చెప్పు. మిషిను ఆగితే దాన్ని సంజాయిషీ ఎవడడగడు. నేనాపితే ఎందుకడుగుతరు?”

ప్లాంటు వాళ్లకొక జవాబుంది. బెల్టు ఆగడం చిన్న సంగతి కాదు, బంకరు ఖాళీ అయితే బాయిలర్ ఆగుతది, ఊరికే తాడు లాగుతుంటే ప్లాంటు నడవదు అంటారు. నిజమే. కానీ సెన్సర్లు మాత్రం ఊరికే ఆపవా? పొడి పట్టి, నీళ్లు చొచ్చి ఎన్నోసార్లు తప్పుగా ఆపుతయ్. అప్పుడు తుడిచి మళ్లా నడిపిస్తారు. స్విచ్చును సోమరిది అని ఎవరూ అనరు. లోహం తప్పు చెబితే సాంకేతిక లోపం. కూలివాడు నిజం చెప్పినా అనుమానమే. యంత్రం సాక్ష్యం చెల్లుతది, మాదిగోని సాక్ష్యం చెల్లదు. ఊరి పంచాయతీలో నడిచిన నియమమే కంట్రోల్ రూములోనూ నడుస్తున్నది.

అట్లాగని మేం యంత్రానికి శత్రువులం కాము. చేతిపని పోయిందని పాత పల్లెను తలచుకుని ఏడ్చే తీరిక మాకు లేదు. ఆ పల్లెలో మాకు దక్కింది చచ్చిన గొడ్డు. కాలే బేరింగ్ మీద ఏ మనిషీ చెయ్యి పెట్టాల్సిన అవసరం లేకపోతే అది మంచిదే. 1945లో అచ్చయిన పుస్తకంలో గాంధీవాదాన్ని విమర్శిస్తూ అంబేద్కర్ ఈ సంగతే తేల్చిండు: తప్పు యంత్రానిది కాదు, దాని ఫలితాన్ని కొందరికే కట్టబెట్టే సమాజానిది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన మనిషి మాట అది.

ఇక చట్టం సంగతి. భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41-హెచ్ సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలో ఆపద ముంచుకొస్తుందనుకుంటే కార్మికుడు యాజమాన్యం దృష్టికి తేవచ్చునన్నారు. దృష్టికి తేవచ్చు, అంతే. కొంగు రోలర్‌లో పడ్డప్పుడు ఎవరి దృష్టికి తేవాలె?

మా తాత దొర దగ్గర వెట్టి చేసిండు. వెట్టి అంటే కూలి లేని పని అని పుస్తకాల్లో రాస్తారు. నాకు ఇంకో అర్థం తోస్తది. ఆపడానికి వీల్లేని పనే వెట్టి. కూలి ఇచ్చి కూడా వెట్టి చేయించవచ్చు. అందుకే మా చరిత్రలో పెద్ద మలుపులన్నీ పని ఆపిన కాడనే ఉన్నయ్. 20వ శతాబ్దం మొదట్లో తిరువాన్కూరులో అయ్యంకాళి మా పిల్లల్ని బడిలోకి రానిచ్చేదాకా పొలాల్లో దిగమని కూలీలతో పని ఆపించిండు. 2016లో ఊనాలో దళిత యువకులను కొట్టినాక గుజరాత్ దళితులు చచ్చిన గొడ్లను ఎత్తడం ఆపేశారు. ఆపినప్పుడే మేం మనుషులమని ఊరికి తెలిసింది.

ఇవాళ ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన మన పిల్లలు సెన్సర్లు బిగించే వైపు కూడా ఉన్నరు. వాళ్లకు, సంఘాల్లో పనిచేసేవాళ్లకు నేను చెప్పేది ఇది. బేరింగ్‌కు సెన్సర్ పెట్టినప్పుడు ఆ జాగ చూపిన కూలి పేరు రాయించండి. ఆయన గ్రేడు అడగండి. తాడు లాగినందుకు కూలి కోయొద్దని, సంజాయిషీ అడగొద్దని ఒప్పందంలో రాయించండి. బొగ్గు ఎత్తే మనిషి బెల్టు కింద ఉన్నంతసేపు బెల్టు తిరగకుండా చూసే ఏర్పాటు అడగండి. బేరింగ్ వేడెక్కిందంటే నమ్ముతున్నరు కదా, మా మనిషి కేకేస్తే కూడా అంతే నమ్మమనండి.