చిన్నికి, చుక్కాని పట్టే ముందు



సౌతాంప్టన్‌లో పవర్‌బోటు నేర్చుకోబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. సరదాకి సముద్రంలో బోటు నడపడానికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు కదా, ఈ కోర్సు దేనికని నీ స్నేహితులు అంటున్నారట. చట్టం అడగదు కాబట్టే నేర్చుకోవాలి తల్లీ. నీ బోటెక్కేవాళ్లు ప్రాణాలు నీ చేతిలో పెట్టి కూర్చుంటారు.

ఆర్‌వైఏ (రాయల్ యాటింగ్ అసోసియేషన్) వాళ్ల పవర్‌బోట్ లెవెల్ 2తో మొదలుపెట్టు. రెండు రోజుల కోర్సు, ముందు అనుభవం అవసరం లేదు. ఒక శిక్షకుడికి ముగ్గురే విద్యార్థులు కాబట్టి చుక్కాని నీ చేతికి చాలాసేపే వస్తుంది.

స్పీడు మీద మోజు నీ వయసుకి సహజం. కానీ విద్యంతా మెల్లగా నడిపేటప్పుడే బయటపడుతుంది. బోటుకి బ్రేకులుండవు. అవుట్‌బోర్డ్ ఇంజన్ని న్యూట్రల్‌లో పెడితే ఎటు తిప్పినా సరిగా మాట వినదు. జెట్టీకి వచ్చేటప్పుడు గాలి ఎటు వీస్తోందో, నీరు ఎటు లాగుతోందో ముందు చూడు. రెండింటిలో బలమైనదానికి ఎదురుగా రా. క్షణం గేరు వేసి తీసెయ్యి, జారనివ్వు, మళ్లీ వెయ్యి. కుదరకపోతే వెనక్కి తీసుకుపోయి మళ్లీ రా. విశాఖ రేవులో టగ్గుల మీద పనిచేసిన రోజుల్లో నేను గౌరవించిన సరంగులెవరూ అలా వెనక్కి వెళ్లడం నామోషీ అనుకోలేదు.

ఇక కిల్ కార్డ్. మెలికల ఎర్ర తాడు అది. ఒక కొస ఇంజన్ స్విచ్చుకి, రెండో కొస నీ తొడకి. నువ్వు ఎగిరిపడితే ఇంజన్ ఆగిపోతుంది. 2013 మేలో కార్న్‌వాల్‌లోని ప్యాడ్‌స్టో దగ్గర ఒక కుటుంబం ఆరుగురూ బోటులోంచి నీళ్లలో పడ్డారు. ఆ తాడు నడిపేవాళ్లకి కట్టి లేదు. మనిషి లేని బోటు గుండ్రంగా తిరుగుతూ వచ్చి వాళ్లనే కొట్టింది. తండ్రీ, ఎనిమిదేళ్ల కూతురూ పోయారు. అందుకని చెబుతున్నాను: బయల్దేరే ముందు తాడు లాగి ఇంజన్ నిజంగా ఆగుతోందో లేదో చూడు. నడిపేవాళ్లు మారాలంటే ముందు ఇంజన్ ఆపు, తాడు మార్చు, అప్పుడు మళ్లీ స్టార్ట్ చెయ్యి. నీళ్లలో మనిషి ఉంటే, పక్కకి చేరగానే ఇంజన్ ఆపి చెయ్యందించు. ఒక్క నిమిషమే కదా అని ఎవరన్నా సరే ఒప్పుకోకు. నీకంటే పెద్దవాళ్లయినా సరే.

సర్టిఫికెట్ వచ్చిన వారమే బోటు నిండా స్నేహితుల్ని ఎక్కించకు. గాలి తక్కువున్న రోజుల్లో, తెలిసిన నీళ్లలో కొన్నాళ్లు తిరుగు. ఇంటర్మీడియట్, రాత్రి ప్రయాణం నేర్పే అడ్వాన్స్‌డ్ కోర్సులు ఆ తర్వాత. వీహెచ్‌ఎఫ్ రేడియో పరీక్ష మాత్రం వాయిదా వెయ్యకు. ఆపదలో చానెల్ 16లో ఏం చెప్పాలో నిద్రలో లేపినా నోటికి రావాలి.

మీ రేవుకి వచ్చే దారిలో పెద్ద ఓడలతో జాగ్రత్త. ఇరుకు మలుపుల దగ్గర 150 మీటర్లకి మించిన ఓడకి ముందు 1000 మీటర్లు, పక్కల 100 మీటర్ల లోపలికి చిన్న బోట్లు పోకూడదని నియమం. ఓడ ముక్కు కింద నువ్వుంటే పైవాళ్లకి కనబడవు.

మీ దగ్గర ఒక పోటుకే నీరు రెండుసార్లు పొంగుతుంది. కోర్సు తేదీ ఖాయమయ్యాక ఆ రోజు పోటు, ఆటు వేళలు నువ్వే పట్టికలో చూసి నాకు రాయి.

పెదనాన్న