సంకల్పంలో చిరునామా

ఇంట్లో వ్రతమైనా గృహప్రవేశమైనా పీటల మీద కూర్చోగానే ముందు జరిగేది సంకల్పం. పురోహితుడు గుక్క తిప్పుకోకుండా చదువుకుపోతుంటాడు. గోత్రం, పేరు చెప్పాల్సిన చోటు ఎప్పుడొస్తుందా అని యజమాని అక్షతలు పట్టుకుని ఎదురుచూస్తుంటాడు. ఈలోగా చెవిన పడీ పడకుండా వెళ్లిపోయే ఆ మాటల్లో ఒక పూర్తి చిరునామా ఉంటుంది. ఏ కల్పం, ఏ మన్వంతరం, ఏ సంవత్సరం, ఏ తిథి అన్నది కాలం లెక్క. ఏ ద్వీపం, మేరువుకు ఏ వైపు, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల నడుమ అన్నది స్థలం లెక్క. విజయవాడ వాళ్లకు శ్రీశైలం నుంచి ఈశాన్యం, హైదరాబాదు వాళ్లకు వాయవ్యం, తిరుపతి వాళ్లకు ఆగ్నేయం.

దేవుడు సర్వాంతర్యామి అన్నప్పుడు ఆయనకు అడ్రసు చెప్పడమెందుకు?

చిలిపి ప్రశ్నలా ఉన్నా దీని వెనక పెద్ద చిక్కే ఉంది. పూజ అందుకునేవాడికి చోటుతో పని లేకపోవచ్చు. పూజ చేసేవాడికి మాత్రం ఉంది. అతనికి సూర్యుడు ఒక నిర్దిష్టమైన చోట, ఒక నిర్దిష్టమైన వేళకు ఉదయిస్తాడు. పండుగ ఏ రోజన్నది ఆ వేళ తేల్చాలి. కాబట్టి అక్షాంశ రేఖాంశాలు భూగోళం పాఠంలోనే కాదు, పంచాంగం లోపలా ఉన్నాయి.

అక్షాంశంతో తగాదా లేదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది గనుక రెండు ధ్రువాలు, వాటికి సరిగ్గా నడుమ భూమధ్యరేఖ వాటంతట అవే ఏర్పడ్డాయి. ఎవరూ ఓటు వేయనక్కర్లేదు. మన సిద్ధాంత గ్రంథాల వాళ్లు దీన్ని ఒక పుల్లతో కొలిచారు. చదునైన నేల మీద పన్నెండు అంగుళాల శంకువు నిటారుగా నిలిపి, పగలూ రాత్రీ సమానమైన రోజున మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలవాలి. ఆ నీడే పలభ. విజయవాడలో అది సుమారు మూడున్నర అంగుళాలు. ఉజ్జయినిలో ఐదు దాటుతుంది. భూమధ్యరేఖ మీద నీడే పడదు. ఊరు ఎంత ఉత్తరాన ఉందో ఆ నీడే చెబుతుంది.

సంకల్పంలోని మేరువు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. సూర్యసిద్ధాంతం లెక్కలో మేరువు ఉత్తర ధ్రువం దగ్గర ఉంది. ధ్రువం మీద నిలబడినవాడికి ఎటు చూసినా దక్షిణమే. అంటే మేరువుకు దక్షిణాన ఉన్నామని రాజమండ్రిలో చెప్పినా, షికాగోలో చెప్పినా, సిడ్నీలో చెప్పినా తప్పు కాదు. అమెరికాలో పురోహితులు ద్వీపం పేరు మార్చి క్రౌంచ ద్వీపమని చదువుతుంటారు. మేరువు మాట మాత్రం మార్చకపోయినా చెల్లుతుంది.

రేఖాంశం అలా కాదు. తూర్పు పడమరలకు మొదలంటూ లేదు. ఎక్కడో ఒకచోట గీత గీసి, ఇది సున్నా అని అనుకోవాల్సిందే. సిద్ధాంతులు ఆ గీతను లంక నుంచి ఉజ్జయిని మీదుగా కురుక్షేత్రం దాటించి మేరువు దాకా గీశారు. వాళ్ల లంక నేటి శ్రీలంక కాదు. అది భూమధ్యరేఖ మీద లెక్క కోసం నిలిపిన స్థానం. దానికి తొంభై అంశలు తూర్పున యమకోటి, పడమట రోమకం, సరిగ్గా అవతలి వైపు సిద్ధపురం. లంకలో తెల్లవారేటప్పుడు యమకోటిలో మధ్యాహ్నం, సిద్ధపురంలో సాయంత్రం, రోమకంలో అర్ధరాత్రి అని ఆర్యభటుడు సుమారు పదిహేను వందల ఏళ్ల కిందటే చెప్పాడు. ఒకే క్షణం నాలుగు చోట్ల నాలుగు పొద్దులు!

ఉజ్జయిని గీతకు తూర్పున ఎంత దూరంలో ఉన్నామో తెలుసుకోవడానికి చంద్రగ్రహణాన్ని వాడుకున్నారు. చంద్రుడు నీడలోకి వెళ్లడం అందరికీ ఒకే క్షణంలో కనిపిస్తుంది, కానీ ఏ ఊరి గడియ ఆ ఊరిది. కాశీలో, ఉజ్జయినిలో గ్రహణ వేళలు పోల్చితే తేడా సుమారు ఇరవై తొమ్మిది నిమిషాలు, అంటే ఒక ఘడియ పైచిలుకు. అంశకు నాలుగు నిమిషాల చొప్పున రెండు ఊళ్ల మధ్య ఏడంశల ఎడం.

1884లో వాషింగ్టన్‌లో ఇరవై ఐదు దేశాల ప్రతినిధులు కూర్చుని సున్నా గీతను గ్రీనిచ్‌కు ఇచ్చారు. ఇరవై రెండు దేశాలు సరేనన్నాయి, ఒకటి కాదంది, ఫ్రాన్స్, బ్రెజిల్ తటస్థంగా ఉండిపోయాయి. ఫ్రాన్స్ ఆ తర్వాత కూడా 1911 దాకా పారిస్ గీతనే పట్టుకుని ఉంది. ఓటుతో తేలిన గీత మీద భక్తుడు ఉపవాసం ఎలా ఉంటాడు? అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

ఉగాదినే తీసుకుందాం. సూర్యోదయానికి చైత్ర శుద్ధ పాడ్యమి ఉన్న రోజు ఉగాది. ఒక ఏడాది హైదరాబాదులో బుధవారం ఉదయం తొమ్మిదింటికి పాడ్యమి వెళ్లిపోతోందనుకుందాం. సూర్యోదయానికి తిథి ఉంది గనుక ఇక్కడ బుధవారమే పండుగ. అదే క్షణంలో న్యూయార్క్‌లో మంగళవారం రాత్రి పదకొండున్నర. అక్కడ బుధవారం తెల్లవారేసరికి పాడ్యమి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, మంగళవారం సూర్యోదయానికి మాత్రం ఉంది. కాబట్టి వాళ్ల ఉగాది మంగళవారం. పొద్దు ఆలస్యంగా పొడిచే చోట పండుగ ఒకరోజు ముందొస్తుంది! హైదరాబాదు నుంచి అమ్మ ఫోన్ చేసి "పచ్చడి చేశావా?" అని అడిగేసరికి కూతురు నిన్ననే చేసి ఉంటుంది. ఇద్దరిదీ తప్పు కాదు.

సమోవాలో చిక్కు ఇంకా ముదిరింది. వ్యాపార సౌలభ్యం కోసం ఆ దేశం తేదీ గీతకు అవతలి నుంచి ఇవతలికి మారి, 2011 డిసెంబరు 30ని క్యాలెండర్‌లోంచి తీసేసింది. గురువారం రాత్రి పడుకున్నవాళ్లు శనివారం లేచారు. శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు క్రైస్తవులు అక్కడ చీలిపోయారు. ప్రభుత్వం పేరు మార్చినంత మాత్రాన ఏడో రోజు మారదని కొందరు ఆదివారం పాటించారు. కొందరు కొత్త శనివారాన్నే పట్టుకున్నారు. 1941లో యూరప్ నుంచి పారిపోయి జపాన్‌లోని కోబెకు చేరిన యూదులకూ ఇదే సందేహం వచ్చింది. తమ ఉపవాస దినం యోమ్ కిప్పూర్ ఏ రోజని జెరూసలేంకు టెలిగ్రాములు పంపారు. పండితుల మాట కలవలేదు. కొందరు రెండు రోజులూ పస్తున్నారు.

మన సంప్రదాయం ఈ ఇరకాటంలో మరీ లోతుగా చిక్కుకోకపోవడానికి కారణం ఉంది. అది వారం పేరు మీద కాక ఎదురుగా కనిపించే పొద్దు మీద ఆనుకుంది. వినాయక చవితికి మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం, శివరాత్రికి అర్ధరాత్రి ముఖ్యం. ఈ వేళలన్నీ ఎవరి ఊరి సూర్యుడివి వాళ్లవే. తిథి ఆకాశానిది, రోజు ఊరిది. సంకల్పంలో శ్రీశైలం దిక్కు చెప్పుకునేది అందుకే. దేవుడికి దారి చూపడానికి కాదు, చేసేవాడు తానెక్కడ కూర్చున్నాడో మరవకుండా ఉండడానికి. గుంటూరులో అచ్చయిన పంచాంగాన్ని డాలస్‌లో గోడకు తగిలించుకుని, దాని ప్రకారమే ఏకాదశి ఉండడం భక్తే కావచ్చు గానీ శాస్త్రం కాదు.

దేశమంతటికీ ఒకే పంచాంగం కావాలన్నప్పుడు మాత్రం ఒకచోటు ఎంచుకోక తప్పలేదు. మేఘనాద్ సాహా అధ్యక్షతన పనిచేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. రాష్ట్రీయ పంచాంగం లెక్కలకు రేఖాంశం 82 అంశల 30 నిమిషాలు. మన గడియారాల సమయాన్ని నిర్ణయించే గీత అదే, కాకినాడకు కాస్త తూర్పుగా వెళ్తుంది. అక్షాంశం మాత్రం పాత ఉజ్జయినిదే, 23 అంశల 11 నిమిషాలు. ఈ రెండూ కలిసే చోట ప్రత్యేకంగా క్షేత్రమేమీ లేదు. అది ఛత్తీస్‌గఢ్‌లోని కోరియా జిల్లాలో పడుతుంది. దగ్గర్లోని పట్టణం పేరు బైకుంఠ్‌పూర్.